పంకా విమానం ఎందుకు ఎగరాలి

గిద్దలూరు.

చిరంజీవి మనవరాలికి,

నీ ఉత్తరం అందింది. విమానాల మరమ్మతు చదువులో చేరుతున్నావన్న కబురు ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. చివర్లో నువ్వడిగిన ప్రశ్న మాత్రం ఒక్క మాటలో తేలేది కాదు. ఇన్ని జెట్ విమానాలుండగా, ఎనభై ఏళ్ల నాటి పంకా విమానంలో ఆ చప్పుడు భరిస్తూ, డబ్బు పోసి మరీ ఎందుకెక్కుతారు తాతయ్యా, మ్యూజియంలో పెట్టి చూసుకుంటే సరిపోదా అన్నావు. సరిపోదు తల్లీ. ఎందుకో చెబుతాను, ఓపిగ్గా చదువు.

ముందు దక్షిణ దేశం పటం ఒకటి తీసుకో. బేగంపేట దగ్గర ఒక చుక్క, మద్రాసు మీనంబాకం దగ్గర ఒక చుక్క పెట్టి స్కేలుతో గీత గియ్యి. ఆ గీత శ్రీశైలానికి కాస్త తూర్పుగా నల్లమల దాటి, దోర్నాల మీదుగా, మార్కాపురానికీ కంభానికీ నడుమ నుంచి పామూరు వైపు పోతుంది. అంటే నువ్వు పుట్టి పెరిగిన నేల మీదుగానే. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి హైదరాబాదులో డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిగిలిన డకోటా అనే పంకా విమానాలతో మరుసటి ఏడాదికే హైదరాబాదు నుంచి మద్రాసు వైపూ ఢిల్లీ వైపూ సర్వీసులు నడిపారు. 1953లో విమాన కంపెనీలన్నిటినీ జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆడపిల్లవు గనక ఇదొకటి గుర్తుపెట్టుకో: 1947లో లైసెన్సు సంపాదించిన ప్రేమ్ మాథుర్ అనే ఆవిడకు కో పైలట్‌గా ఉద్యోగమిచ్చింది ఈ డెక్కన్ ఎయిర్‌వేసే. దేశంలో ప్రయాణికుల విమానం నడిపిన మొదటి మహిళ ఆవిడ.

నువ్వు గీసిన ఆ గీత సుమారు 530 కిలోమీటర్లు. డకోటాకు రెండు గంటల ప్రయాణం. లోపల గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు లేదు గనక మామూలుగా పదివేల అడుగులకు అటూ ఇటూగా ఎగిరేది. ఆ ఎత్తున వాతావరణం తెరిపిగా ఉంటే కంభం చెరువు, గుండ్లకమ్మ మలుపులు, ఎర్రనేలల్లో చేల గట్లు అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. జెట్టు మూడింతల ఎత్తున పోతుంది. మనం దాటిన ఊరు ఏదో కూడా తెలియదు. నేల చూస్తూ ప్రయాణం చెయ్యడం అనే సుఖం ఇవాళ డబ్బు పెట్టినా సులువుగా దొరకదు. డకోటాలాంటి విమానాల్లో ఎక్కేవాళ్లు సగం దానికోసమే ఎక్కుతారని నా నమ్మకం.

మిగతా సగం ఇంజన్ కోసం. దాని గురించి కాస్త వివరంగా రాయాలి, అది నీ చదువు కూడా కాబట్టి.

నేను వాయుసేనలో ఇంజన్ ఫిట్టర్‌నని నీకు తెలుసు. జోర్హాట్‌లో తెల్లారకముందే డకోటాల దగ్గరికి పోయేవాళ్లం. ఒక్కో ఇంజన్‌కు 14 సిలిండర్లు, రెండు వరసల్లో ఏడేసి, షాఫ్టు చుట్టూ గుండ్రంగా ఉంటాయి. రాత్రంతా నిలబెట్టేసరికి నూనె మెల్లగా జారి అడుగు సిలిండర్లలో చేరుతుంది. నూనె గాలిలా అణగదు. అది చూసుకోకుండా స్టార్టర్ నొక్కితే పిస్టన్ నూనెను గుద్దుకుని కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వంగిన రాడ్డు ఆ రోజే విరగాలనేముంది, ఇంకో నెలకు ఏ కొండల మీదో విరుగుతుంది. అందుకని మాగ్నెటో స్విచ్చులు ఆఫ్‌లో ఉన్నాయని రూఢి చేసుకుని, పంకా రెక్క పట్టుకుని చేత్తో తిప్పేవాళ్లం. ఒక్కో సిలిండర్ బిగువు అరచేతికి తెలుస్తుంది. ఎక్కడైనా గట్టిగా పట్టేసిందా, బలవంతం చెయ్యకూడదు. కొత్తవాళ్లకు వెనక్కి తిప్పి వదిలించుకుందామనిపిస్తుంది. అలా చేస్తే నూనె పోయి ఇన్‌టేక్ గొట్టంలో కూర్చుంటుంది, ఇంజన్ అందుకోగానే తిరిగి సిలిండర్లోకి వచ్చేస్తుంది. అడుగు సిలిండర్ ప్లగ్గు విప్పి, నూనె కార్చి, అప్పుడు మళ్లీ తిప్పాలి. మాకు పని నేర్పిన సార్జెంట్ ఈ మాట ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో! మేం విసుక్కున్నా ఆయన మానలేదు.

మార్కాపురంలో పలకరాయి చీల్చేవాళ్లను నువ్వు చిన్నప్పటి నుంచీ చూస్తున్నావు. ఉలి ఎక్కడ ఆనించాలో వాళ్లకు చెయ్యే చెబుతుంది. పుస్తకంలో రాసి పెడితే రాదు, పక్కన కూర్చుని నేర్చుకోవాలి. డకోటా పని కూడా అంతే. నీ ప్రశ్నకు జవాబు నా దృష్టిలో ఇక్కడే ఉంది. మ్యూజియంలో నిలబెట్టిన విమానానికి దుమ్ము తుడిచేవాళ్లుంటే చాలు. ఎగిరే విమానానికి పంకా తిప్పే చేతులు కావాలి, చప్పుడు విని తేడా పట్టే చెవులు కావాలి, తోకచక్రం మీద దించగల పైలట్ కావాలి. వాళ్లు పెద్దవాళ్లయ్యే లోపల ఇంకొకరికి నేర్పి తీరాలి. విమానం ఎగురుతున్నంత కాలం ఆ విద్య బతికుంటుంది.

ఇంజన్ అందుకునే క్షణం ప్రయాణికుడు కిటికీలోంచి చూస్తాడు. ఒక సిలిండర్ దగ్గుతుంది, ఇంకోటి అందుకుంటుంది, తెల్లటి పొగ వెనక్కి కొడుతుంది, రెక్క అదురుతుంది, తర్వాత అన్నీ కలిసి ఒకే మోతగా సర్దుకుంటాయి. తోక నేలకు ఆని ఉంటుంది గనక లోపల నడవ కూడా ఏటవాలే, ముందు సీటుకు ఎక్కుతూ పోవాలి. వాన పడితే పైలట్ ఒళ్లో నాలుగు చుక్కలు రాలతాయి. యంత్రం తన పని దాచుకోదు, మనుషులు ఎవరేం చేస్తున్నారో కనిపిస్తుంది. ఆ నమ్మకం వేరు.

1935 డిసెంబరు 17న మొదటిసారి ఎగిరిన ఈ డకోటా రకం పదివేలకు పైగా తయారైంది. కెనడాలో, కొలంబియాలో ఇవాళ్టికీ సరుకు మోస్తున్నవి ఉన్నాయి. 2019 జూన్‌లో నార్మండీ దాడికి 75 ఏళ్లయిన సందర్భంలో 20కి పైగా డకోటాలు యూరప్‌లో ఒకచోట చేరాయి. మన దేశపు డకోటా పేరు పరశురామ. తుక్కుగా పోవలసిన విమానాన్ని రాజీవ్ చంద్రశేఖర్ కొని, ఇంగ్లండులో బాగుచేయించి వాయుసేనకు బహూకరించారు. ఆయన తండ్రి ఎయిర్ కమొడోర్ ఎం.కె. చంద్రశేఖర్ డకోటా పైలట్. 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌కు సైన్యాన్ని చేరవేసిన డకోటా జ్ఞాపకంగా దానికి వీపీ 905 అని నంబరు వేశారు. 2018లో అది ఇంగ్లండు నుంచి మజిలీలు చేసుకుంటూ తన రెక్కల మీదే ఎగిరి వచ్చింది. ఓడలో తెచ్చి ఉంటే నాకు అంత ఆనందం ఉండేది కాదు.

ఇంకో సంగతి చెప్పకపోతే నీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. అదే 2018 ఆగస్టు 4న స్విట్జర్లాండులో యుంకర్స్ యు-52 అనే పాత మూడింజన్ల విమానం కొండల్లో కూలి, ఎక్కిన 20 మందీ పోయారు. ఇరుకు లోయలో పైలట్లు ప్రమాదకరంగా నడపడమే కారణమని విచారణలో తేలింది. విమానంలో తుప్పు, మరమ్మతు లోపాలు కూడా బయటపడ్డాయి, అవి ప్రమాదానికి కారణం కాకపోయినా. కొండలూ మబ్బులూ కలిస్తే ఏమవుతుందో 2009 సెప్టెంబరులో ముఖ్యమంత్రి హెలికాప్టర్ ఇక్కడ కూలిన తర్వాత మన నల్లమల వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. పాత విమానం మీద ప్రేమ ఉన్నవాళ్లు దాన్ని మరింత అనుమానంగా చూడాలి. రివెట్టు చుట్టూ రంగు ఉబ్బితే గోకి చూడాల్సిందే. ఆ ఓపిక లేనివాళ్లు దాన్ని నేల మీదే ఉంచడం మేలు.

ఇక నీ చదువు సంగతి. టర్బైన్ విమానాల లైసెన్సు బి1.1 తీసుకో, ఉద్యోగం అక్కడే ఉంది. దానితో ఆగకుండా పిస్టన్ విమానాల బి1.2 కూడా రాయి. దానికి మాడ్యూల్ 16, పిస్టన్ ఇంజన్, అదనంగా చదవాలి. చాలామంది అవసరం లేదని వదిలేస్తారు, నువ్వు వదలకు. నా దగ్గరున్న రేడియల్ ఇంజన్ బొమ్మల పుస్తకం మీ నాన్న చేత పంపిస్తున్నాను. ముందు నూనె ప్రయాణం చూపించే పటం విప్పు. ట్యాంకు నుంచి బయలుదేరి బేరింగుల దాకా వేలు పెట్టి వెతుక్కుంటూ పో. నూనె తోసే పంపు కంటే తిరిగి లాక్కునే స్కావెంజ్ పంపును ఎందుకు పెద్దది చేశారో ఆలోచించి నాకు జవాబు రాయి.

ఇట్లు,
తాతయ్య