గువ్వలచెరువు కనుమలో బస్సు ఆపండి

టీచర్లకు భూమి పాఠాలు చెప్పడం నేర్పుతూనే నా సర్వీసంతా గడిచింది. కడప చుట్టుపక్కల గుట్టలే నాకు నల్లబల్ల. మొన్న ఒక కుర్ర శిక్షకుడు ఇంటికొచ్చి, "సార్, మా బ్యాచ్‌ని ఫీల్డుకు తీసుకుపోవాలి, ఏం చూసుకోమంటారు?" అని అడిగాడు. అతనికి చెప్పినవే రాస్తున్నాను.

1. రాయి పేరు ముందే చెప్పొద్దు.

గువ్వలచెరువు కనుమలో బస్సు దిగీ దిగగానే "ఇదేం రాయి సార్?" అంటారు. "క్వార్ట్‌జైట్" అన్నామంటే రాసుకుని పాలకోవా అంగడి వైపు నడుస్తారు. అందుకే అరగంట దాకా పేరు నా నోటి నుంచి వచ్చేది కాదు. గోటితో గీకండి, రేణువులు కనిపిస్తున్నాయా చూడండి, గులకరాళ్లు ఇరుక్కున్నాయేమో వెతకండి, బొమ్మ గీయండి అనేవాణ్ణి. బొమ్మలు రావని మొత్తుకునేవాళ్లే ఎక్కువసేపు చూస్తారు, అదేం చిత్రమో.

రాయచోటి వైపు దిగువన ఒకసారి, కనుమలో ఒకసారి బస్సు ఆపేవాణ్ణి. "కింది రాతికి పొరల్లేవు, పైదానికి ఉన్నాయి" అని ఎవరో ఒకరు అనేదాకా కాచుకోవాలి. కింద గ్రానైటు. అది అరిగి అరిగి నేలమట్టమయ్యాక, దాని మీద నీళ్లు తెచ్చి పోసిన గులకరాళ్లూ ఇసుకా గట్టిపడి పై రాయి అయింది. తిరుమల ఘాట్ రోడ్డులో ఇలాంటి అతుకే జాతీయ భూగర్భ స్మారక చిహ్నం. అక్కడ కింది రాతికీ పై రాతికీ మధ్య ఎడం దాదాపు 80 కోట్ల ఏళ్లు. ఈ మాట గదిలో చెబితే ఆవలిస్తారు. రెండు రాళ్లనూ చేత్తో తడిమినవాళ్లు మాత్రం కాసేపు మాట్లాడరు.

2. ఊరి పేరుతో మొదలుపెట్టు.

భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద 1872లో గ్రంథం వెలువరించాడు. అప్పటినుంచి మన ఊళ్ల పేర్లే రాతి పొరల పేర్లు. గువ్వలచెరువు ఆయన చేతిలో 'గుల్చేరు' అయింది. వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, పాణ్యం, కోవెలకుంట్ల, అన్నీ అంతే. బనగానపల్లె అంటే మామిడిపండనుకునే టీచరుకు, ఆ పేరుతో వజ్రాలు దొరికే గులకరాతి పొర కూడా ఉందని చెప్పి చూడు.

3. క్వారీలో నోరు తక్కువ, చెవులు ఎక్కువ పెట్టుకో.

ఎర్రగుంట్ల దగ్గర ఒక నాపరాయి క్వారీలో ముప్ఫై మంది టీచర్ల ముందు నా పరువు పోయింది. నల్లటి బండ మీద తెల్లటి గీతలు చెట్టు వేళ్లలా పాకి ఉన్నాయి. ఏ ప్రాచీన జీవి ఆనవాలో అని గొప్పగా చెబుతున్నాను. పక్కనే బండలు చీలుస్తున్న పెద్దాయన సమ్మెట కింద పెట్టి, "అవి యేర్లు కాదు సార్. బండ పగిలిన సందులో నీళ్లు దిగి తెల్లగా గట్టిపడింది. మా బోరు నీళ్లు కాంచితే గిన్నెకు తెలుపు పట్టదా, అదే ఇది" అన్నాడు.

నూటికి నూరుపాళ్లూ నిజం. రెండూ సున్నమే. టీచర్లంతా నా మొహం చూశారు. నేను నోట్‌బుక్కు తీసి ఆయన మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాను, వాళ్లనీ రాసుకోమన్నాను. ఆ తర్వాత ప్రతి బ్యాచ్‌లోనూ మొదటి గంట ఆయనదే, ఆ రోజు కూలి మేమే కట్టేవాళ్లం. నిజంగా జీవి ఆనవాలు చూపాలంటే వేంపల్లె రాళ్లకే పోవాలి. కోసిన క్యాబేజీలా ఉండే ఆ పొరలు దాదాపు 200 కోట్ల ఏళ్ల నాటి సూక్ష్మజీవులు కట్టినవి. డైనోసార్ ఎముకలు అడిగే టీచరు ప్రతి బ్యాచ్‌లో ఒకరుంటారు. జంతువులే పుట్టని కాలమమ్మా అది అని చెప్పాలి.

4. మిట్టమధ్యాహ్నం తీసుకుపోవద్దు.

ఎండదెబ్బ సంగతి అటుంచు. రాతి మీది అలల ముద్రలు ఏటవాలు వెలుగులోనే కనబడతాయి. పొద్దున ఏడింటికి స్పష్టంగా ఉన్న అలలు పన్నెండింటికి మాయం. ముందురోజు నువ్వొక్కడివే పోయి, అదే వేళకు చూసిరా.

5. సంచిలో రెండు నిమ్మకాయలు, మేకు, భూతద్దం చాలు.

నాపరాయిని మేకుతో గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండితే సన్నగా బుడగలొస్తాయి. మంగంపేట ముగ్గురాయి ముక్క దొరికితే అదీ పెట్టుకో. అంతే పరిమాణమున్న నాపరాయి ముక్కను రెండో చేతిలో పెట్టి బరువు చూడమను. సుత్తి మాత్రం అందరికీ ఇవ్వొద్దు. పెంకు ఎగిరి ఒకావిడ కంటి కింద తెగింది. తప్పు నాదే.

6. "పిక్నిక్‌కు డబ్బులిస్తారా?" అంటారు.

ఒక ఆఫీసులో నా ఫైలు మీద అలాగే రాశారు. వాదించలేదు. వాళ్లు గీసిన బొమ్మలన్నీ కుట్టి పంపాను. డబ్బు రాలేదు, చందాలేసుకున్నాం.

7. తిరిగి వెళ్లాక వాళ్ల ఊళ్లో ఏం చూస్తారో ముందే అడుగు.

మా ఊళ్లో గుట్టే లేదు సార్ అంటారు. బోరు వేయని ఊరుందా? లారీ వచ్చినప్పుడు రాడ్డు దిగినప్పుడల్లా గుప్పెడు పొడి పట్టి, ఏ రాడ్డుదో రాసి పొట్లం కట్టమన్నాను. పోరుమామిళ్ల వైపు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ తరవాతి సమావేశానికి పదకొండు పొట్లాలు తెచ్చింది. వరసగా బల్ల మీద విప్పింది. ఎర్రమన్ను, పసుపు మన్ను, బూడిద రంగు పొడి, నల్లపొడి. తొమ్మిదో పొట్లం తడి ముద్దగా ఉంది. "ఇక్కడ నీళ్లు పడ్డాయి సార్, పిల్లలు గంతులేశారు" అంది.