టికెట్టు మీద తేదీ

చల్లపల్లి నుంచి ఒక అక్క దుబాయికి వంటపనికి వెళుతోంది. టికెట్టు మీద ఇలా ఉంది: హైదరాబాదు, 15వ తేదీ, 04:00. దుబాయి, 06:30.

"15 రాత్రికి గదా! 15 పొద్దున బస్సెక్కుదాం" అన్నాడు తమ్ముడు.

"కాదురా. రాత్రి 12 దాటితే తేదీ మారుతుంది. 04:00 అంటే తెల్లవారుజాము నాలుగు. సాయంత్రం నాలుగైతే 16:00 అని ఉంటుంది" అంది అక్క.

అక్క చెప్పిందే నిజం. బాగా చదువుకున్నవాళ్ళు కూడా ఇక్కడ పొరబడతారు. పైదేశం వెళ్ళే విమానానికి 3 గంటలు ముందుగా చేరాలి. అంటే 14 రాత్రి పన్నెండు దాటిన గంటకల్లా శంషాబాదులో ఉండాలి. చల్లపల్లి నుంచి హైదరాబాదుకు బస్సులో దాదాపు ఒక రాత్రంత ప్రయాణం. కనుక 14 పొద్దున్నే బయల్దేరాలి. తమ్ముడి మాట వింటే, విమానం వెళ్ళిపోయాక బస్సెక్కేవారు. టికెట్టు డబ్బు పోయేది.

ఇంకో తిరకాసు ఉంది. 4 నుంచి 6:30కి రెండున్నర గంటలే. కాని దూరం సుమారు 2,500 కిలోమీటర్లు. విమానం దాదాపు 4 గంటలు ఎగురుతుంది. మరి గంటన్నర ఏమైంది?

సూర్యుడు ముందు మన బందరు సముద్రం మీద పొడుస్తాడు. దుబాయి పడమరన ఉంది. అక్కడ ఆలస్యంగా తెల్లవారుతుంది. అందుకే అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక. మనకు 8 అయితే అక్కడ 6:30. టికెట్టు మీద ఏ ఊరి పక్కన ఆ ఊరి టైమే వేస్తారు.

లెక్క చేయండి: దుబాయిలో 20వ తేదీ 22:00కి లేచిన విమానం 4 గంటలు ఎగిరింది. శంషాబాదులో ఏ తేదీన, ఎన్ని గంటలకు దిగుతుంది?