జోలె పట్టిన పిల్లవాడు – చేరదీసిన గురువు



ఈసారి గోడపత్రికలో 'గొప్పవారి జీవితాలు' రాసే వంతు నాకు వచ్చింది. గొప్పవారు అనగానే మనం గాంధీ గారు, అంబేద్కర్ గారు అని రాస్తాం. నేను ఒక పాటగాడి గురించి, ఆయనకు పాట నేర్పిన సారు గురించి రాస్తున్నాను. ఎందుకంటే ఈ కథలో మన లెక్కనే ఇల్లు విడిచి వచ్చి, తిండి కోసం, ఉండే జాగ కోసం తిప్పలు పడ్డ పిల్లగాడు ఉన్నాడు. ఆయన పేరు ఘంటసాల వెంకటేశ్వరరావు.

ఘంటసాల గారు ఎవరు?

ఆయన గొంతు మీరందరూ విన్నారు, పేరు తెలియకపోవచ్చు. ఊర్లల్ల ఎవరన్నా చనిపోతే బండి మీద మైకులో భగవద్గీత పెడతారు కదా, ఆ గొంతు ఆయనదే. చిన్న చెల్లెళ్ళు అది విని భయపడతారు. భయపడవలసిన గొంతు కాదు అది. దేవదాసు (1953) సినిమాలో పాటలు పాడింది ఆయనే. మాయాబజార్ (1957) సినిమాకు సంగీతం చేసింది కూడా ఆయనే. 1970లో ఆయనకు పద్మశ్రీ బిరుదు వచ్చింది. 1974 ఫిబ్రవరి 11న చనిపోయారు. అప్పటికి మా నాయిన కూడా పుట్టలేదు. అయినా ఆ గొంతు మా ఊరిదాకా వచ్చింది.

బాల్యం

ఘంటసాల గారు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లి అనే ఊరిలో పుట్టినారు. తండ్రి సూరయ్య గారు తరంగాలు పాడేవారు, మృదంగం వాయించేవారు. కొడుకును భుజం మీద ఎక్కించుకొని భజనలకు తీసుకుపోయేవారు. తండ్రి పాడుతుంటే పిల్లవాడు ఆడేవాడు. అది చూసి అందరూ బాలభరతుడు అని ముద్దుగా పిలిచేవారట.

పిల్లవాడికి పదకొండేళ్ళప్పుడు తండ్రి చనిపోయారు. చనిపోయే ముందు కొడుకు మంచి సంగీతం నేర్చుకోవాలని కోరుకున్నారు. తల్లి రత్నమ్మ గారినీ పిల్లలనూ మేనమామ చూసుకున్నారు. పదకొండేళ్ళు అంటే మన ఆరో తరగతి చెల్లెళ్ళ వయసు.

గురువు కోసం వెతుకులాట

సంగీతం నేర్పుతారని ఒకరిద్దరి ఇళ్ళల్లో చేరితే, అక్కడ ఇంటి పనులే ఎక్కువ చేయించుకున్నారు. బట్టలు ఉతకాలి, వంట చెయ్యాలి. చదువు చెప్పిస్తామని తీసుకుపోయి ఇంట్లో పనికి పెట్టుకోవడం ఆ కాలంలోనే ఉన్నది అన్నమాట.

అప్పుడు విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల ఉన్నదని తెలిసింది. అది 1919లో మొదలైంది. దాని మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు. అక్కడికి పోవడానికి డబ్బులు లేవు. వేలికి ఉన్న బంగారు ఉంగరాన్ని ఎనిమిది రూపాయలకు అమ్మి, ఎవరికీ చెప్పకుండా బయలుదేరినాడు. (మనం మాత్రం చెప్పకుండా పోవద్దు. హాస్టలు రిజిస్టరులో సంతకం పెట్టే పోవాలి.)

అంత దూరం పోతే కళాశాలకు వేసవి సెలవులు! అప్పటి ప్రిన్సిపాలు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. వయొలిన్ వాయించడంలో దేశమంతా పేరున్న మనిషి. ఆయన 'సెలవులు అయ్యాక రా' అని వెనక్కి పంపలేదు. కళాశాలలోనే ఉండడానికి ఒప్పుకున్నారు. తిండికి వారాలు కుదుర్చుకున్నాడు. వారాలు అంటే రోజుకు ఒకరి ఇంట్లో అన్నం తినడం.

ఎల్లమ్మ గుడిలో

ఇక్కడ పెద్ద కష్టం వచ్చింది. తోటి పిల్లలు చేసిన తప్పుకు ఈ పిల్లవాడిని కళాశాల నుండి పంపించేశారు. ఆ మాట ఊరిలో తెలిసింది. వారాలు పెట్టేవాళ్ళు కూడా మా ఇంటికి రావద్దు అన్నారు. చదువు పోయింది, తిండి పోయింది, పండుకునే జాగ పోయింది. ఎటు పోవాలో తెలియక ఎల్లమ్మ గుడిలో తల దాచుకున్నాడు.

ఆ గుడికి పట్రాయని సీతారామశాస్త్రి గారు వచ్చినారు. ఆయన సంగీత కళాశాలలో గాత్రం నేర్పే గురువు. సాలూరు చిన్న గురువు గారు అని పేరు. పిల్లవాడి సంగతి తెలుసుకొని తన ఇంటికి తీసుకుపోయినారు. ఆయన ధనవంతుడు కాదు. తన దగ్గర ఉన్న జాగ ఇచ్చినారు, తెల్లవారుజామున లేపి సాధన చేయించినారు.

మన దగ్గర స్టడీ అవరుకు పొద్దున్నే బెల్లు కొడితే మనం ఎంత గొణుగుతామో మీకు తెలుసు. ఆ పిల్లవాడికి ఆ తెల్లవారుజామే దొరికిన ఆస్తి.

జోలె, రేకు డబ్బా

ఒకసారి గురువు గారు పొరుగూరు పోయినారు. ఇంట్లో తినడానికి లేదు. అప్పుడు ఆ ఊర్లో ఉన్న ఒక సాధువు మధుకరం ఎట్ల చెయ్యాలో నేర్పించినాడు. భుజానికి జోలె కట్టుకొని వీధి వీధి తిరగాలి, ఇంటికి ఒక ముద్ద అడగాలి. తేనెటీగ ఒక్క పువ్వునే పట్టుకొని ఉండదు, అన్ని పువ్వుల దగ్గర కొంచెం కొంచెం తీసుకుంటుంది. అందుకే దానికి మధుకరం అని పేరు. అడవిలో తేనె పట్టు చూసిన మనకు ఈ మాట తొందరగా అర్థమవుతుంది.

తెచ్చిన అన్నం రెండు పూటలకు సరిపెట్టుకోవాలి. మిగిలింది గుడ్డలో కడితే చీమలు పట్టేవి. డబ్బా కొనడానికి డబ్బులు లేవు. మేనమామకు ఉత్తరం రాసి, డబ్బులు తెప్పించుకొని, ఒక డబ్బా కొన్నాడు. నాకు ఈ కథ అంతట్లో ఈ డబ్బా సంగతి ఎక్కువ గుర్తుండి పోయింది. మన ట్రంకు పెట్టెల్లో అటుకుల మూటకు చీమలు పడితే మనం పడే తిప్పలే కదా ఇవి!

తరువాత మళ్ళీ కళాశాలలో చేరినాడు. గురువు గారి శిక్షణలో నాలుగేళ్ళ చదువు రెండేళ్ళలో పూర్తి చేసినాడు.

తరువాత ఏమైంది?

చదువు అయిపోగానే పేరు రాలేదు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని జైలులో ఉన్నారు. మద్రాసు పోయి పానగల్ పార్కులో పండుకున్న రాత్రులు ఉన్నాయి. 1945లో స్వర్గసీమ సినిమాలో పాడినారు. తరువాతిది అందరికీ తెలిసిన కథ.

పెద్ద పేరు వచ్చినాక కూడా తన జోలెలో మొదటి ముద్ద వేసిన విజయనగరం తల్లిని ఆయన తలచుకునేవారు. గురువు గారి కొడుకు పట్రాయని సంగీతరావు గారు మద్రాసులో ఎన్నో ఏళ్ళు ఘంటసాల గారికి సంగీతంలో సహాయకుడిగా పనిచేసినారు. ఆయన నూరేళ్ళు బ్రతికి 2021లో చనిపోయినారు. గురువు గారి ఇంటితో చుట్టరికం అట్ల కడదాకా నిలిచింది.

దూరదేశంలో ఇట్లాంటిదే ఇంకొకటి

ఇంగ్లండు పక్కన వేల్స్ అనే దేశం ఉంది. అక్కడ మన భూపాలపల్లిలో ఉన్నట్టు బొగ్గు గనులు ఉండేవి. 1925లో ఒక గని కార్మికునికి పన్నెండో బిడ్డగా రిచర్డ్ అనే పిల్లవాడు పుట్టినాడు. రెండేళ్ళు నిండకముందే తల్లి చనిపోయింది. అక్క సిసీలియా సాకింది. ఇంట్లో వాళ్ళది వెల్ష్ భాష. ఇంగ్లీషు తరువాత నేర్చుకున్నాడు. మా ఇంట్లో కోయ మాట, బడిలో తెలుగు అయినట్టు.

పదహారేళ్ళప్పుడు డబ్బుల కోసం చదువు మాని దుకాణంలో పనికి పోయినాడు. మళ్ళీ బడికి వచ్చినాడు. ఫిలిప్ బర్టన్ అనే సారు అతన్ని తన దగ్గర ఉంచుకొని, మాట పలకడం, నాటకాలు వేయడం నేర్పించినారు. కొండ మీదికి తీసుకుపోయి, అరవకుండానే గొంతు దూరం వినిపించేటట్టు సాధన చేయించినారు. దత్తత తీసుకుందామంటే అక్కడి చట్టం ప్రకారం ఇద్దరికీ 21 ఏళ్ళ తేడా ఉండాలి. 20 రోజులు తక్కువైంది! అందుకని 1943లో సంరక్షకుడు అయ్యి తన ఇంటిపేరు ఇచ్చినారు. ఆ పిల్లవాడే రిచర్డ్ బర్టన్ అనే పెద్ద నటుడు. ఆస్కార్ బహుమతికి ఏడుసార్లు పేరు పోయింది, ఒక్కసారీ రాలేదు. అయినా ఆ గొంతును మరచిపోలేదు జనం.

మనం తెలుసుకోవలసినది

ఇద్దరు పిల్లలకూ గొంతు పుట్టుకతోనే ఉన్నది. కాని ఎల్లమ్మ గుడిలో గురువు గారు చూడకపోతే ఒక గొంతు అక్కడనే ఆగిపోయేది. దుకాణంలో ఇంకొక గొంతు ఆగిపోయేది. తెలివి ఒక్కటే ఉంటే చాలదు. పండుకునే జాగ, రెండు పూటల అన్నం, పట్టించుకునే ఒక మనిషి, ఈ మూడూ కావాలి.

ఇంకొక మాట. మనల్ని బయట కొందరు 'హాస్టలు బువ్వ తినేవాళ్ళు' అని ఎక్కిరిస్తారు. నాకూ మస్తు బాధ అయింది. ఈ పాఠం తెలిసినాక బాధ తగ్గింది. ఆ కాలంలో చదువుకునే బ్రాహ్మణ పిల్లలకు వారాలు, మధుకరం అనే ఆచారం ఉండేది. పేదవాడైనా జోలె పట్టుకుంటే ముద్ద దొరికేది. మన తాతలు, అవ్వలు చిన్నగా ఉన్నప్పుడు వాళ్ళకు ఆ దారి కూడా లేదు. బడి లేదు, చదువు కోసం జోలె పట్టే వీధీ లేదు. ఇప్పుడు మనకు ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు ఉన్నాయి. ఇది ఎవరూ దయతో వేసిన ముద్ద కాదు, మన హక్కు. ఎక్కిరించినోళ్ళకు ఈ మాట చెప్పండి.

మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేను. ఈ ఏడు అయిపోతే చాలు, మిరపకాయలు ఏరడానికి పోదాం అని మా నాయిన అంటున్నాడు. ఆయన చెడ్డోడు కాదు, ఇంట్లో చేతులు తక్కువ. పోయిన వేసవికి మా తరగతి నుండి ఇద్దరు తునికాకు కోతకు పోయి తిరిగి రాలేదు. ఒకరికి పెండ్లి అయిందని విన్నాం. వాళ్ళకు ఏ తెలివి ఉండెనో ఇప్పుడు ఎవరికి తెలుస్తది?

వార్డెన్ మేడం గార్లకు మనవి

సెలవులు అయిపోయినాక వారం దాకా రాని పిల్లల ఊరికి ఒక కబురు పంపండి. మీరు ఫోను చేస్తే మా నాయినలు వింటారు, మేము చెప్తే వినరు. సెలవుల్లో ఇంటికి పోతే మళ్ళీ పంపరు అని భయం ఉన్నవాళ్ళు మీ దగ్గరికి వచ్చి చెప్తే, వాళ్ళ సంగతి వినండి. ద్వారం వారు సెలవుల్లో వచ్చిన పిల్లవాడిని వెనక్కి పంపలేదు అని మరొక్కసారి గుర్తు చేస్తున్నాను.

కొత్త మాటలు

జోలె – భుజానికి కట్టుకునే గుడ్డ సంచి
మధుకరం – ఇంటింటికీ తిరిగి అన్నం అడిగి తెచ్చుకోవడం
గాత్రం – గొంతుతో పాడే సంగీతం
సాధన – రోజూ విడవకుండా నేర్చుకోవడం
సంరక్షకుడు – తల్లిదండ్రి లెక్క బాధ్యత తీసుకున్న మనిషి

జవాబులు చెప్పండి

1. ఘంటసాల గారు ఉంగరాన్ని ఎన్ని రూపాయలకు అమ్మినారు?
2. మధుకరం అనే పేరు ఎట్ల వచ్చింది?
3. రిచర్డ్‌ను దత్తత తీసుకోవడానికి ఎన్ని రోజులు తక్కువైనాయి?
4. మీ తరగతిలో ఈ ఏడు బడికి రానివారు ఎవరు? వాళ్ళు దేంట్లో హుషారు? (ఈ ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసి వార్డెన్ మేడం గారికి ఇవ్వండి.)

– 9వ తరగతి విద్యార్థిని