వీధి దీపం మార్చారు, వెలుగు రోడ్డు మీద పడుతోందా?

వీధి దీపాలు పెట్టడం, అవి వెలిగేలా చూడటం గ్రామ పంచాయతీ దయతో చేసే పని కాదు. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994లోని 45వ సెక్షన్ పంచాయతీ చేసి తీరవలసిన పనుల్లో రోడ్లకు, బహిరంగ స్థలాలకు వెలుతురు కల్పించడాన్ని చేర్చింది. నెల్లూరు జిల్లాలోని ఆత్మకూరు లాంటి మున్సిపాలిటీల సంగతికొస్తే రాజ్యాంగం 12వ షెడ్యూల్ వీధి దీపాలను పేరుపెట్టి పేర్కొంది. ఇంటిపన్ను రసీదులో లైటింగ్ పన్ను వేరే పద్దుగా కనిపిస్తే, ఆ సొమ్ము ఈ పని కోసమే వసూలైందని అర్థం.

నెల్లూరు జిల్లా పల్లెల్లో పాత ట్యూబ్‌లైట్లు, సోడియం దీపాలు పోయి ఎల్‌ఈడీలు రావడం 2017 తర్వాత ఊపందుకుంది. కేంద్ర ప్రభుత్వ రంగానికి చెందిన ఈఈఎస్ఎల్ రాష్ట్రంలోని గ్రామ పంచాయతీల్లో 10 లక్షల దీపాలు మార్చే పథకాన్ని ఆ ఏడాది ప్రకటించింది. తొలి విడత ఏడు జిల్లాల్లో నెల్లూరు ఒకటి. పెట్టుబడి ముందుగా సంస్థే పెట్టి, పదేళ్లపాటు నిర్వహణ చూడాలన్నది ఒప్పందం. ఇలాంటి ఒప్పందం ఉన్నంత మాత్రాన పంచాయతీ బాధ్యత తీరిపోదు. పని మరొకరికి అప్పగించవచ్చు గానీ, చట్టం మోపిన విధిని అప్పగించడం కుదరదు.

అసలు చిక్కు దీపం మార్చిన తీరులో ఉంది. ట్యూబ్‌లైట్ నాలుగు వైపులా వెలుగు చిమ్మేది. ఎల్‌ఈడీ వెలుగు దాని ముఖం ఎటు తిరిగి ఉంటే అటే పోతుంది. బ్రాకెట్ కాస్త పక్కకు తిరిగినా, ఎక్కువ పైకి లేచినా రోడ్డు చీకటిగా మిగిలి, ఎదురింటి కిటికీ వెలిగిపోతుంది, లేదా బండి నడిపేవారి కళ్లలో కొడుతుంది. పైగా పల్లెల్లోని స్తంభాలను కరెంటు తీగల కోసం పాతారు, వెలుతురు లెక్క చూసి కాదు. ఎనిమిది మీటర్ల స్తంభంలో ఇంచుమించు ఆరో వంతు భూమిలోకి పోతుంది. దీపం ఆరు మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, వెలుతురు మధ్యలో తెగకుండా ఉండటానికి సాధారణంగా ఆ ఎత్తుకు మూడు నాలుగు రెట్ల దూరంలోపు మరో దీపం కావాలి. తీగల స్తంభాల మధ్య ఎడం చాలాచోట్ల అంతకంటే బాగా ఎక్కువ. అందుకే పాత బ్రాకెట్‌కే కొత్త దీపం బిగించి వెళ్లిపోతే రెండు స్తంభాల నడుమ చీకటి మడుగు మిగులుతుంది.

రోడ్డు దీపాలకు ఐఎస్ 1944 అనే భారతీయ ప్రమాణం ఉంది. రోడ్డు వెడల్పు దీపం ఎత్తును మించకపోతే దీపాలు ఒక పక్కన చాలు. ఎత్తుకు ఒకటిన్నర రెట్ల వరకు వెడల్పుంటే ఇటొకటి అటొకటిగా, అంతకు మించితే రెండు పక్కలా ఎదురెదురుగా ఉండాలి. మలుపులో దీపం వెలుపలి అంచున ఉంటేనే రోడ్డు తిరిగే తీరు ముందుగా కనబడుతుంది. రద్దీ ఉన్న ఊరి రోడ్డు మీద సగటున 8 లక్స్, రాకపోకలు తక్కువున్న వీధిలో 4 లక్స్ వెలుతురు పడాలి. ఈ ప్రమాణం తనంతట తాను శిక్షలు వేసే చట్టం కాకపోయినా, పని సరిగా జరిగిందో లేదో తేల్చడానికి గట్టి కొలబద్ద.

నెల్లూరు జిల్లాలోని అనుమసముద్రంపేటలో ఈ సంగతి మరింత ముఖ్యం. ఇక్కడి దర్గాకు ఇతర రాష్ట్రాల నుంచీ జనం వస్తారు, రాత్రిళ్లు ఉండిపోతారు. గంధ మహోత్సవానికి వీధులు కిక్కిరిసిపోతాయి. ఊరివారికి గుంత ఎక్కడుందో తెలుసు, కాలువ అంచు ఎక్కడో తెలుసు. పొరుగూరి నుంచి వచ్చినవారికి దారి చూపేది దీపమే.

ఫిర్యాదు చేసే ముందు ఎవరి పని ఏదో తేల్చుకోవాలి. మామూలుగా స్తంభం, సరఫరా తీగ విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీఎస్పీడీసీఎల్‌వి. దీపం, బ్రాకెట్ పంచాయతీవి. తీగ వేలాడుతున్నా, స్తంభం షాక్ కొడుతున్నా వెంటనే 1912కు చెప్పాలి. రోడ్డు ఆర్ అండ్ బీదైనా ఊరి నడుమ దీపాల గురించి ముందుగా అడగాల్సింది పంచాయతీనే. ఆత్మకూరు మీదుగా పోయే 67వ నంబరు జాతీయ రహదారి మీద మాత్రం రహదారి అధికారులను కలవాలి.

దీపం కోణం గురించిన ఫిర్యాదు కాగితం మీదే ఉండాలి. స్తంభం నంబరు, చీకటి పడ్డాక తీసిన ఫొటో, వెలుగు ఎటు పోతోందో ఒక వాక్యం జతచేసి, పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఇదే విషయాన్ని గ్రామసభలో లేవనెత్తి తీర్మానం రాయించడం మంచిది. కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం, 2005 బాగా పనికొస్తుంది. ఈ రాష్ట్రంలో గ్రామస్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు. దీపాల ఒప్పందం, కొలతల పుస్తకం నకళ్లు అడగవచ్చు. 2(జె) సెక్షన్ ప్రకారం జరిగిన పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా ఉంది, ఇది చాలామందికి తెలియదు. జవాబుకు గడువు 30 రోజులు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ, 1100 నంబరుకూ చెప్పుకోవచ్చు.

స్తంభం మీద పడేలా వాలి ఉంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆత్మకూరు ఆర్డీవోకు అర్జీ పెట్టవచ్చు. ఇది పాత సీఆర్‌పీసీలోని 133వ సెక్షనే. రత్లాం మున్సిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు 1980లో ఈ సెక్షన్ కిందే తీర్పు చెబుతూ, నిధులు లేవన్న సాకు స్థానిక సంస్థను విధి నుంచి తప్పించదని తేల్చింది. న్యాయసేవల అధికార సంస్థల చట్టం, 1987లోని 22ఎ సెక్షన్ ప్రజలకు విద్యుత్తు, వెలుతురు, నీరు అందించే సేవలను శాశ్వత లోక్ అదాలత్ పరిధిలో పెట్టింది. అక్కడ కోర్టు ఫీజు ఉండదు. ఉచిత న్యాయ సలహాకు 15100 నంబరు ఉంది.

వెలుగు పడకగదిలోకి వస్తోందనుకునేవారు దీపం ముఖాన్ని రోడ్డు వైపు తిప్పమని లేదా తొడుగు వేయమని అడగవచ్చు. దానిని ఆర్పేసే హక్కు మాత్రం లేదు. దురుద్దేశంతో వీధి దీపాన్ని ఆర్పినవారికి విద్యుత్ చట్టం, 2003లోని 141వ సెక్షన్ రూ.2,000 వరకు జరిమానా పెట్టింది. సొంత స్థలంలో అనుమతి లేకుండా స్తంభం పాతితే అభ్యంతరాన్ని రాతపూర్వకంగా తెలపాలి. అలాంటి వివాదంలో నిర్ణయం జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్‌ది.