పాత వీణను పరీక్షించు విధము

విద్యార్థులారా,

గత సంవత్సరము మన పాఠశాల సంగీత తరగతికి వీణ యొకటి కావలెనని తలిదండ్రులు చందాలు వేసికొని 28,000 రూపాయలు సమకూర్చి మా చేతికిచ్చిరి. పొరుగూరి వర్తకుడొకడు, నూరేండ్లు దాటిన ఏకాండ బొబ్బిలి వీణ యని చెప్పి యొక వాద్యమును చూపెను. దాని యాళిముఖమును, నునుపును, పాతబడిన వన్నెను చూచి మురిసి పైకము చెల్లించితిమి. పరీక్ష మాత్రము ఆ తరువాత చేసితిమి. ముందు చేయవలసినదానిని వెనుక చేయుట మా తప్పు. ధనము తలిదండ్రులది గావున, దానితో ఏమి కొంటిమో వారికి తెలుపుట మా విధి. దానిని ఎట్లు తెలిసికొంటిమో మీకు బోధించుట మా వృత్తి. ఈ పాఠమునకు ఈ రెండే ప్రయోజనములు.

మూడు ప్రశ్నలు

"ఇది అసలైనదేనా?" అని జనులు ఒకే ప్రశ్న అడుగుదురు. నిజమునకు అందు మూడు ప్రశ్నలు ఇమిడియున్నవి. ఎక్కడ చేసినది? ఎప్పుడు చేసినది? మొదట అమర్చిన భాగములలో ఏవి నిలిచినవి, ఏవి మార్చబడినవి? ఒకదానికి లభించిన సమాధానము మరియొకదానికి చెల్లదు. పాతదైనంత మాత్రమున బొబ్బిలిది కాదు. బొబ్బిలిదైనంత మాత్రమున పాతది కాదు.

బొబ్బిలి విజయనగరము జిల్లాలోని పట్టణము. మన పొరుగున 2021లో ఏర్పడిన విజయనగర జిల్లా గాదు, ఉత్తరాంధ్రమునందలి విజయనగరము. బొబ్బిలి దాపున గొల్లపల్లి గ్రామమున సర్వసిద్ధి వంశీయులు తరతరములుగా పనస కొయ్యతో వీణలు చేయుచున్నారు. నాదమునకు నిలయమగు కుండను, పొడవైన దండిని ఒకే మ్రానునుండి తొలిచి చేసినది ఏకాండ వీణ. వేరువేరు కొయ్యలతో చేసి జోడించినది అతుకు వీణ. ఏకాండ నిర్మాణమే బొబ్బిలి వీణకు ప్రసిద్ధి తెచ్చిన లక్షణము.

కొయ్య చెప్పు సాక్ష్యము

కుండ దండితో కలియుచోట దీపమును ఏటవాలుగా పట్టి చూడవలెను. ఏకాండ వీణయందు కొయ్య చారలు కుండనుండి దండిలోనికి తెగకుండ సాగును. అతుకు వీణయందు ఆ చారలు ఒకచోట ఆగి, మరియొక తీరున మొదలగును. అతుకును కప్పుటకు అచ్చట అలంకారపు పట్టీ వేయుట కలదు గనుక, పట్టీకి ఇరుప్రక్కల చారలను పోల్చి చూడవలెను. మా వీణయందు పట్టీకి ఈవల చారలు వాలుగాను, ఆవల నిటారుగాను ఉండెను.

పనస కొయ్య కోసినప్పుడు పసుపుపచ్చగా ఉండి, ఏండ్లు గడచినకొలది గోధుమవన్నెకు తిరుగును. అయితే పైపూతతో ఆ వన్నెను ఒక్కదినమున తేవచ్చును. కావున పూత పడని తావులను వెదకవలెను. దండిక్రింది బుర్రను విప్పినచో అది కూర్చున్న చోటును, బిరడను ఊడదీసినచో రంధ్రము లోపలి భాగమును కనవచ్చును. చాలకాలము వాడిన వీణలో బిరడ రంధ్రములు అరిగి వెడల్పగును. అరిగిన రంధ్రమున క్రొత్త బిరడ యున్నచో అది మరమ్మతు. అరుగని రంధ్రమున పాతవన్నె బిరడ యున్నచో అది సందేహాస్పదము.

లోహము, దంతము

ఒక భాగము ఎప్పుడు పుట్టెనో తెలిసినచో, దానిని మొదటినుండి ధరించిన వాద్యము అంతకు పూర్వపుది కాజాలదు. కాలనిర్ణయమునకు ఇంతకు మించిన సూత్రము లేదు. తలపై కూడికగుర్తు వంటి గాడిగల మర సీలలు 1930ల తరువాతనే వ్యాప్తికి వచ్చెను. మా వీణలో తంత్రులను కట్టు నాగపాశము అట్టి సీలలతోనే బిగింపబడియుండెను. సీలలు తరువాత మార్చియుండవచ్చును గదా యని మీరు అడుగవచ్చును. మంచి ప్రశ్న. మార్చియున్నచో క్రింద పూర్వపు రంధ్రములో, పూడ్చిన గుర్తులో ఉండవలెను. మా ఊరి వడ్రంగిచేత విప్పించి చూచితిమి. అట్టివేమియు లేవు.

పూర్వము పట్టీలకు ఏనుగు దంతమును వాడెడివారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1986లోను, 1991లోను చేసిన సవరణలచే దేశమున దంతపు వ్యాపారము నిషిద్ధమైనది. కావున నిజముగా దంతమే యున్నచో కొనుటయే చిక్కు. దంతమును అడ్డముగా కోసిన ముఖమున ఒకదానినొకటి దాటు సన్నని గీతలు కానవచ్చును. ప్లాస్టిక్కున అవి యుండవు. కాల్చిన సూదితో గ్రుచ్చి పరీక్షించుట కొందరి యలవాటు. అది వాద్యమును చెరచును. సెల్యులాయిడు అయినచో అంటుకొనును. ఎన్నడు చేయరాదు. మా వీణ పట్టీలు ప్లాస్టిక్కువి.

కొలబద్ద

నేటి వీణకు 24 స్థిరమైన మెట్లు కలవు; స్థాయికి పండ్రెండు చొప్పున రెండు స్థాయిలు. ఈ యేర్పాటు తంజావూరు నేలిన తెలుగు కవిరాజు రఘునాథ నాయకుని కాలపుదని, అనగా 17వ శతాబ్దారంభపుదని పరంపరగా చెప్పుదురు. తంత్రి పొడవులో సగమును మ్రోగించినచో పై షడ్జము పలుకును. కావున మేరువునుండి గుర్రమువరకు కొలిచినచో పండ్రెండవ మెట్టు ఇంచుమించు నడుమ ఉండవలెను. నొక్కినప్పుడు తంత్రి బిగువు పెరుగును గనుక స్వల్పభేదము సహజము. భేదము హెచ్చైనచో గుర్రము చోటు మారినదనియో, మెట్లను సరిగా అమర్చలేదనియో ఎరుగవలెను. మా వీణ ఈ పరీక్షలో నెగ్గినది.

మెట్లను మైనము, మసి కలిపిన ముద్దలో నిలుపుదురు. వాడుకలో మెట్లు అరుగును, మైనము చెదరును. కొన్నియేండ్లకొకసారి మరల మేళము కట్టక తప్పదు. తంత్రులు తెగును, బుర్ర పగులును. కావున క్రొత్త మైనమును, క్రొత్త బుర్రను చూచి వాద్యము నకిలీ యనుట అవివేకము.

దూరదేశపు వాద్యమునకు ఇదే న్యాయము

మన పూర్వవిద్యార్థి యొకడు బెంగళూరున పాత విద్యుత్ గిటారును కొని, దానిని ఎట్లు పరీక్షింపవలెనని అడిగెను. అమెరికాలోని ఫెండరు సంస్థ 1954లో స్ట్రాటోకాస్టర్ అను గిటారును వెలువరించెను. ఆ సంస్థ పాత గిటారులలో మెడను విప్పినచో దాని మొదట వ్రాసిన తేదీ తరచుగా కానవచ్చును. ధ్వనిని హెచ్చించి తగ్గించు పొటెన్షియోమీటరుపై సంఖ్య యుండును. 1376633 అని యున్నచో, 137 ఆ భాగమును చేసిన సంస్థకు గుర్తు; 66 సంవత్సరము; 33 వారము. అనగా 1966లో 33వ వారము. ఆ భాగము మొదటినుండి ఉన్నదే యైనచో గిటారు అంతకు పూర్వము తయారు కాలేదు. భాగములు గిడ్డంగిలో నిలువ యుండుటచే ఎంతో తరువాతిదియు కావచ్చును. పాత అతుకులోహము కదలినదా, రంగుక్రింద మరియొక రంగు కలదా యని కూడ చూడవలెను. మన సీల కథయు ఇదియే గదా!

మా నిర్ణయము

మేము కొన్నది ఏకాండము గాదు, అతుకు వీణ. నూరేండ్లది గాదు, 1930ల తరువాతిది. బొబ్బిలిదనుటకు శిల్పి ముద్రగాని, పత్రముగాని దొరకలేదు. ఆధారము లేని పేరు పెట్టము. వర్తకుని అడుగగా, "చూచుకొనియే కొంటిరి గదా" అనెను. రసీదులో "పాత వీణ 1" అని మాత్రమే యుండెను. తలిదండ్రులారా, ఏ పాత వస్తువును కొన్నను అమ్మువాడు నోట చెప్పిన గుణములను రసీదుపై వ్రాయించుకొనుడు. వ్రాయుటకు వెనుదీసినచో అదియే మీ మొదటి పరీక్ష.

ఇన్ని చెప్పి, వీణను నిందింపము. కొయ్య మంచి పనస. విదుషీమణి యొకరు వాయించి చూచి నాదము నిండుగా ఉన్నదనిరి. తలిదండ్రుల సభలో సర్వము విన్నవించి, ఆ యధిక మూల్యమును మా జీతమునుండి చెల్లింతుమని చెప్పితిమి. సభవారు సగమునకే అంగీకరించి, వీణను ఉంచుకొనుటకు నిశ్చయించిరి. దాని పెట్టెపై ఇప్పుడు ఉన్న చీటీ ఇది: "అతుకు వీణ. పనస. 1930ల తరువాతిది. పట్టీలు ప్లాస్టిక్కు." ఎనమండుగురు బాలికలును, ఇద్దరు బాలురును దానిపై సరళీ స్వరములు నేర్చుచున్నారు.

తంత్రి మార్చినంత మాత్రమున వీణ అబద్ధము కాదు. మన బళ్లారి తెలుగున కన్నడ పదములు చేరినంత మాత్రమున అది తెలుగు కాకపోదు. మార్చినదానిని మార్చలేదనుటయే అబద్ధము.

అభ్యాసము

1. మేరువునుండి గుర్రమునకు 84 సెంటీమీటర్లు. పండ్రెండవ మెట్టు మేరువుకు ఎంత దూరమున ఉండవలెను? మూడింట రెండు వంతుల తంత్రి పంచమమును పలుకును. పంచమపు మెట్టు ఎచ్చట ఉండును?

2. ఒక వీణ 1900 నాటిదందురు. దానికి కూడికగుర్తు సీలలు కలవు. వాని ప్రక్కన పూడ్చిన రంధ్రములును కలవు. మీ నిర్ణయమేమి? కారణము వ్రాయుడు.

3. మీ యింట ఒక పాత వస్తువును తీసికొని, మొదటి భాగములను, మార్చిన భాగములను పట్టికగా వ్రాయుడు. తాతను, అవ్వను అడిగి సరిచూచుకొనుడు.