మంచుబుడగలలోని పాతగాలి

అంటార్కిటికా ఖండపు నడిమిభాగమున వేసవియందును మంచు కరగదు. ఏటేట కురిసిన మంచు పొరపై పొరగా పేరుకొనును. పైపొరల బరువునకు క్రిందివి నొక్కుకొనిపోయి గట్టిగడ్డయగును. కొన్ని తావులలో దీని మందము మూడు కిలోమీటర్లకు మించియున్నది. పొరల నడుమ నున్న గాలి వెలికి పోలేక చిన్న బుడగలై చిక్కుపడును. అది ఆనాటి గాలియే.

1965లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లోడ్ లోరియస్ అచ్చట లోతునుండి తీసిన మంచుముక్కలను పానీయములో వేసికొనెను. అవి కరగుచుండగా బుడగలు చిటపట పగిలెను. ప్రాచీన వాయువును పరీక్షించు మార్గమిదియే గదా యని ఆయనకు తోచెను. విందువేళ పుట్టిన ఆలోచనయైనను, దానిని సాధించుటకు ఏండ్లు పట్టినది. బోలుగొట్టముతో మంచును తొలిచి స్తంభములవలె పైకి తీయవలెను. గాలి చొరని పాత్రలో దానిని పొడిచేసి, వెలువడిన వాయువును కొలువవలెను. పైగా బుడగలు మూసికొనుట కొంత లోతునకు దిగినపిదపనే. కావున గాలి వయస్సు చుట్టునున్న మంచు వయస్సుకంటె తక్కువ. ఈ తేడాను లెక్కలో చేర్చనిచో ఫలితము తప్పును.

ఆనాటి చలి యెంతయో ఎట్లు తెలియును? నీటిలోని ఆమ్లజనిలో అధికభాగము 16 భారముగలది. 18 భారముగలది మిక్కిలి అరుదు. బరువైన నీరు సులభముగా ఆవిరికాదు. ఆవిరియైనను మేఘము చల్లబడినపుడు ముందుగా కురిసిపోవును. చలి హెచ్చినకొలది ధ్రువమును చేరు మంచులో అది తగ్గును. డెన్మార్కు దేశీయుడు విల్లీ డాన్స్‌గార్డ్, గ్రీన్‌లాండులో 1966 నాటికి అడుగంట తొలిచిన మంచునుండి ఈ రీతినే పూర్వపు శీతోష్ణములను చదివెను.

అంటార్కిటికాలోని డోమ్ సి వద్ద ఐరోపావారు తీసిన మంచు 8 లక్షల సంవత్సరముల చరిత్రను తెలిపినది. అంతకాలమును బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, పదిలక్షల పాళ్ళలో సుమారు 300 పాళ్ళను దాటలేదు. 1750 ప్రాంతమున 280. 2024లో 420కి పైన. శీతోష్ణములు పూర్వమును మారలేదా యని కొందరందురు. మారినవి. భూమి కక్ష్యలోని మార్పులు ఆ మార్పును ఆరంభింపగా, ఈ వాయువు దానిని పెంచినది. ఇప్పుడు ఆరంభించినది మన బొగ్గు, మన నూనెలు.

ఒక చిక్కు మాత్రము మిగిలియున్నది. పదిలక్షల యేండ్లకు పూర్వము హిమయుగములు సుమారు 41,000 సంవత్సరముల కొకసారి వచ్చుచుండెను. పిమ్మట ఆ యెడము లక్ష యేండ్లకు పెరిగెను. కారణము తెలియదు. 2025 జనవరిలో డోమ్ సి సమీపమున 2,800 మీటర్ల లోతునుండి 12 లక్షల యేండ్లనాటి మంచును తీసిరి. ఆ బుడగలను పరీక్షింప నారంభించిరి.