మామిడి తోటలో గడ్డి కోతకు ఏది మంచిది: పెట్రోలు మిషనా, బ్యాటరీదా, కొడవలా?



తొలకరి పడి నెల దాటిందంటే నాకొచ్చే ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న. "తోటలో గడ్డి నడుముదాకా వచ్చింది తమ్ముడూ, పెట్రోలు మిషన్ కొనమంటావా, బ్యాటరీది కొనమంటావా, మనుషుల్నే పెట్టమంటావా?" అని. పై వీడియోలో ఈ మూడింటినీ చిల్లకల్లులో మా తోటలోనే నడిపి చూపించాను. వీడియోలో చెప్పడం కుదరని లెక్కలు, దానితోపాటు నేను చేసిన ఒక తప్పు ఇక్కడ రాస్తున్నాను.

ముందు తప్పే చెప్తాను. బ్రష్ కట్టర్ కొన్న మొదటి సంవత్సరం దానికి నైలాన్ దారం వేసి, రెండేళ్ల బంగినపల్లి అంట్ల మొదళ్ల దగ్గర కూడా శుభ్రంగా కొట్టేశాను. మా నాన్న గట్టుమీద నిలబడి "చెట్టు మొదట్లోకి మిషన్ పోనీయమాకురా, అక్కడ కొడవలి పట్టు" అని అరుస్తూనే ఉన్నాడు. మిషన్ మోతలో నాకు వినపడలేదు. వినపడినా వినేవాణ్ణి కాదేమో, కొత్త మిషన్ కదా. ఆకులు పచ్చగానే ఉన్నాయి కాబట్టి ఏమీ కాలేదనుకున్నా. కొన్ని వారాలకి ఒక్కో మొక్కా వడలడం మొదలైంది. వంగి చూస్తే మొదట్లో బెరడు చుట్టూ ఉంగరంలా లేచిపోయి ఉంది. మొత్తం పదకొండు అంట్లు పోయాయి.

ఎందుకు పోయాయంటే, వేరు నుంచి నీళ్లు పైకి వెళ్లేది లోపలి చెక్కలో నుంచి. ఆకులో తయారైన ఆహారం వేరుకి దిగేది బెరడులో నుంచి. చుట్టూ బెరడు తెగితే నీళ్లు ఎక్కుతూనే ఉంటాయి కాబట్టి కొన్నాళ్లు ఆకు పచ్చగానే కనపడుతుంది. వేరు మాత్రం కింద ఆకలితో చస్తూ ఉంటుంది. మనకి తెలిసేసరికి చేసేదేమీ ఉండదు. బెరడు ఒక పక్కే తెగిన మొక్కలకి ఆవుపేడ, మట్టి కలిపి పూత వేశాను, అవి బతికాయి. దారం మెత్తగా ఉంటుంది, చెట్టుకి ఏం కాదు అని కొన్నిచోట్ల చెప్తుంటారు. లేత అంటుకి బ్లేడు ఎంతో దారమూ అంతే. పైగా దారం అరిగే కొద్దీ ఆ ప్లాస్టిక్ ముక్కలన్నీ మన నేలలోనే ఉండిపోతాయి. పురుగుమందు చుక్క వేయని నేలలో ప్లాస్టిక్ చల్లడం నాకు నచ్చలేదు. అప్పటినుంచి మూడు రెక్కల ఇనుప బ్లేడే వాడుతున్నాను, అదీ సాళ్ల మధ్యలోనే.

అసలు మనం గడ్డిని ఎందుకు కోస్తున్నామో అది ముందు తేల్చుకోవాలి. లాన్ మోవర్ అనేది 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన తయారుచేశాడు, బట్టల మిల్లులో గుడ్డ మీద నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి. అది తివాచీలా సమంగా ఉండే పచ్చిక కోసం. ఆన్‌లైన్లో కనపడే చక్రాల మోవర్లు, చేత్తో తోసేవి, అన్నీ దాని పిల్లలే. ఫంక్షన్ హాలు ముందు లాన్‌కి బాగుంటాయి. రాళ్లు, గుంటలు, మూడడుగుల వయ్యారిభామ ఉన్న మన తోటలో పది గజాలు కూడా కదలవు. మనకి కావాల్సింది నున్నటి నేల కాదు, ఆచ్ఛాదన. గడ్డి వేరు నేలని పట్టుకుని ఉండాలి, పైభాగం కోసి అక్కడే పరిస్తే తేమ ఆగాలి, వానపాముకి తిండి దొరకాలి. అందుకని నేలకి మూడు నాలుగు అంగుళాలు వదిలి కోయాలి. పూత రాకముందే కోయాలి. గింజ కట్టాక కోస్తే మనమే విత్తనం చల్లినట్టు. నవధాన్యాలు వేసినవాళ్లకీ ఇదే పద్ధతి, పూత దశలో కోసి పరవడమే.

ఇక పెట్రోలు మిషన్. రెండు రకాలున్నాయి, టూ స్ట్రోక్, ఫోర్ స్ట్రోక్. టూ స్ట్రోక్ అయితే పెట్రోల్లో ఆయిలు కలపాలి. 25:1 అని పుస్తకంలో ఉంటే లీటరుకి 40 మిల్లీలీటర్లు, 50:1 అని ఉంటే 20 మిల్లీలీటర్లు. కంటిచూపుతో పోయకండి, కొలత సీసా పెట్టుకోండి. ఆయిలు మర్చిపోతే పిస్టన్ పట్టేస్తుంది, తక్కువైతే నిదానంగా పట్టేస్తుంది, అంతే తేడా. ఫోర్ స్ట్రోక్‌లో ఆయిలు విడిగా ఉంటుంది. పొగ తక్కువ, పెట్రోలు కూడా తక్కువ తాగుతుంది. కొంచెం బరువు, ధర ఎక్కువ. మన అవసరానికి నేను ఫోర్ స్ట్రోకే చెప్తాను.

లెక్క చూద్దాం. మా తోటలో ఎకరం సాళ్లు కొట్టడానికి దాదాపు ఆరు గంటలు, నాలుగు లీటర్ల పెట్రోలు పడుతుంది. లీటరు 110 వేసుకున్నా 440. నడిపే మనిషికి 800 అనుకోండి, మొత్తం 1,240. అదే ఎకరం కొడవలితో అయితే మా దగ్గర ఏడుగురు ఒక రోజు. కూలి 400 అనుకుంటే 2,800. అంటే ఎకరానికి, ఒక్క కోతకి 1,560 మిగులు. మిషన్ ధర 20,000 అయితే పదమూడు ఎకరాల కోతకి డబ్బు తిరిగొస్తుంది. ఏడాదికి మూడు కోతలు వేసుకుంటే, రెండెకరాలున్నాయనకి రెండేళ్లు దాటి పడుతుంది. ఎకరమే ఉన్నాయనకి నాలుగేళ్లు పైనే. ఎకరం లోపు వాళ్లు కొనొద్దు, అద్దెకి తెచ్చుకోండి, లేదా నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. కూలి రేటు మీ ఊళ్లో ఎంతుందో అది వేసి మళ్లీ లెక్క చూసుకోండి. కొనేముందు స్టార్టర్ తాడు, క్లచ్, కార్బురేటర్ నందిగామలోనో జగ్గయ్యపేటలోనో దొరుకుతాయా అని అడగండి. దొరక్కపోతే ఎంత చవకైనా వద్దు.

"పెట్రోలు కాల్చి ప్రకృతి వ్యవసాయమేంటి?" అని ఒకాయన అడిగాడు. ప్రశ్న న్యాయమైందే. నా మట్టుకు నేను గడ్డిమందుకి బదులు నాలుగు లీటర్ల పెట్రోలు ఒప్పుకున్నాను. ఒక్కటి మాత్రం పాటిస్తాను. ట్యాంకులో పెట్రోలు పొయ్యడం గట్టుమీద, రేకు పెట్టి. సాళ్లలో పొయ్యను.

బ్యాటరీ మిషన్ గురించి ఎక్కువమంది మోసపోతున్నారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. బ్యాటరీ మీద వోల్టులు, యాంపియర్ అవర్లు ఉంటాయి. రెండూ గుణిస్తే అందులో ఎంత కరెంటు పడుతుందో వస్తుంది. 36 వోల్టులు, 5 యాంపియర్ అవర్లు అంటే 180 వాట్ అవర్లు. మోటారు 500 వాట్లు లాగితే 180ని 500తో భాగించండి, 22 నిమిషాలు కూడా రాదు. ఎకరానికి ఆరు గంటలంటే 3,000 వాట్ అవర్లు, అలాంటి బ్యాటరీలు పదిహేడు. కరెంటు ఖర్చు చూస్తే మూడు యూనిట్లే, పెట్రోలుతో పోలిస్తే ఏమీ కాదు. కానీ ఆ మూడు యూనిట్లని మోసుకెళ్లే డబ్బానే ఖరీదు. రెండు మూడు వేలకి వచ్చే వాటి మీద "48" అనీ, వేలకి వేలు మిల్లీ యాంపియర్లనీ రాసి ఉంటుంది. లోపల పది సెల్స్ ఉన్నాయనుకుందాం. ఒక్కో సెల్ 3.6 వోల్టులు, 2 యాంపియర్ అవర్లయితే మొత్తం 72 వాట్ అవర్లే. స్టిక్కర్ మీద ఎంత రాసినా అంతే.

అలాగని బ్యాటరీది పనికిరాదనను. ఇంటి వెనక కూరగాయల మడులు, పశువుల పాక చుట్టూ, ఐదు పది సెంట్ల పనికి మంచిది. తేలిక, మోత తక్కువ, ఆడవాళ్లు కూడా తాడు లాగే పని లేకుండా నడపొచ్చు. వైరుతో నడిచే కరెంటు మిషన్ మాత్రం పొలంలో వద్దు. ఎకరం చదరంగా ఉంటే ఒక్కో పక్క 64 మీటర్లు. అంత వైరు తడి గడ్డిలో ఈడుస్తూ, పక్కనే బ్లేడు తిప్పుతూ పనిచేయడం ప్రాణంతో ఆట.

కొడవలి చోటు కొడవలిదే. ఇప్పుడు మా తోటలో ప్రతి చెట్టు చుట్టూ రెండడుగులు చేత్తోనే కోస్తాం. ఆ గడ్డిని అక్కడే మందంగా పరుస్తాం, మొదలుకి మాత్రం జానెడు దూరంగా. ఆనించి పరిస్తే చెద పడుతుంది. చిన్న అంట్లకి పీవీసీ పైపు ముక్క నిలువునా కోసి తొడుగుతున్నాను, అది వీడియోలో ఉంది. తుంగ ఉన్నచోట మిషన్, కొడవలి రెండూ దండగే. గడ్డ నేలలో ఉంటుంది, కోసిన వారానికే మళ్లీ లేస్తుంది. దట్టమైన ఆచ్ఛాదన, ఓపిక, అంతే.

కొడవలికి ఒక ఇబ్బంది ఉంది, అది డబ్బు లెక్కలో కనపడదు. వానాకాలం నడుమెత్తు గడ్డిలో రక్తపింజర ఉంటే చెయ్యి నేరుగా దానిమీదకే వెళ్తుంది. మిషన్‌కి పొడుగాటి కాడ ఉంటుంది కాబట్టి మనిషి దూరంగా ఉంటాడు. అందుకే మోకాలు దాటిన గడ్డిలోకి మనుషుల్ని పంపకుండా ముందు మిషన్‌తో దారి చేయిస్తాను. మోకాళ్లదాకా బూట్లు ఎవరికైనా తప్పవు.

మిషన్‌కి ఉన్న ప్రమాదం రాళ్లు. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే రాలేదు కదా, మన నేలల్లో సున్నపురాయి అంత. బ్లేడుకి తగిలితే రాయి తూటాలా లేస్తుంది. కళ్లద్దాలు, ముఖానికి జాలీ లేకుండా దిగొద్దు. చుట్టూ 15 మీటర్లలో మనిషి గానీ పశువు గానీ ఉండకూడదు. వయ్యారిభామ కొట్టేటప్పుడు ముక్కుకి గుడ్డ, నిండు చేతుల చొక్కా వేసుకోండి. దాని పుప్పొడి, రసం పడితే దురదలు, ఆయాసం వస్తాయి.

అక్టోబరు, నవంబరు కోత తర్వాత పరిచిన గడ్డి ఫిబ్రవరికి ఎండి నిప్పుకి సిద్ధంగా ఉంటుంది. హైవే పక్కన, డొంక పక్కన తోటలున్నవాళ్లు సరిహద్దు వెంట ఎనిమిది అడుగులు పూర్తిగా చెక్కించి ఖాళీగా ఉంచండి, అక్కడ ఆచ్ఛాదన వద్దు. ఎవరో పారేసిన బీడీ ముక్క చాలు.

ఆఖరి కోత అయ్యాక మిషన్ ట్యాంకులో పెట్రోలు ఉంచకండి. ఇప్పుడొచ్చే పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం, అది తేమని పీలుస్తుంది. ట్యాంకు వంచేసి, ఇంజను దానంతట అదే ఆగిపోయేదాకా నడిపి, అప్పుడు గోనెసంచి కప్పి పెట్టండి. లేకపోతే మళ్లీ తొలకరికి కార్బురేటర్ విప్పించుకోవడానికి మెకానిక్ దగ్గర వరసలో నిలబడాలి.